నుదుటి మీది గుర్తు, పలక మీది పేరు

ప్రశ్న ఒక్క వాక్యం. ఇచ్చిన రెండు రచనల్లో పాపాన్ని, పరువును పోల్చి వ్యాసం రాయమని. దూరవిద్యలో నేను చేస్తున్న ఎం.ఏ. ఇంగ్లీషు రెండో ఏడాది అసైన్‌మెంటు అది. పదిహేను పేజీలకు తగ్గకూడదు, సొంత చేతిరాతతో ఉండాలి. మార్కాపురంలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సెక్కి మా పల్లెకు చేరి, అన్నం తిన్నాక రోజుకో పేజీ రాసినా రెండు వారాల్లో అయిపోతుందనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో మా సంఘం నన్ను బల్లకు దూరం పెట్టింది.

బల్ల అంటే ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం మా గుళ్లో, అంటే చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. తప్పు చేశారని సంఘపెద్దలు తేల్చినవాళ్లకు ఆ రెండూ ఉండవు. వాళ్లు వెనక వరసలో కూర్చోవాలి. ఏదో ఒక ఆదివారం అందరి ముందు నిలబడి, తప్పయిపోయిందని ఒప్పుకుంటే మళ్లీ కలుపుకుంటారు. అంతవరకు వాళ్ల పేరు పలక మీద ఉంటుంది.

ఆ పలక మా నాయన చేసింది. ఆయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఆ ధూళికే పోయాడు. ఒకసారి పెద్ద రాయి పగలకుండా దొరికితే, యజమానిని అడిగి తెచ్చి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించి గుడికి ఇచ్చాడు. ఆ రోజు పాడే కీర్తనల నంబర్లు రాయడానికి. కుడివైపు కింద కొంచెం చోటు మిగిలింది. అక్కడ బల్లకు దూరమైనవాళ్ల పేర్లు రాయడం తర్వాత వచ్చిన ఆచారం. మొదట్లో తాగేవాళ్ల పేర్లు కూడా రాసేవారట. చోటు చాలక మానేశారు. నాకు బుద్ధి తెలిశాక ఆ మూల కనబడినవి దాదాపు అన్నీ ఆడపేర్లే.

ఇక ఆ రెండు రచనలు. ఒకటి నవల, ఒకటి నాటకం. రెండూ అమెరికా వాళ్లవి, రెండిట్లోనూ మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి ఊళ్లు. అక్కడ గుడే కోర్టు. పక్కింటివాళ్లు ఏం తింటున్నారో, ఎవరితో నవ్వుతున్నారో కనిపెట్టి ఉండటమే భక్తి. నవలలో ఒకామె పెళ్లి చేసుకున్నవాడికి కాక ఇంకొకడికి బిడ్డను కంటుంది. తండ్రెవరో చెప్పమంటే చెప్పదు. ఊరు ఆమె గుడ్డల మీద ఒక గుర్తు పెట్టించి, అది అందరికీ కనబడేలా బతకమంటుంది. నాటకంలో ఆడపిల్లలు కొందరు వేలు చూపించి, ఫలానా ఆమె మంత్రగత్తె, ఫలానా ఆయన దెయ్యంతో చేతులు కలిపాడు అంటారు. ఒప్పుకుంటే ప్రాణం దక్కుతుంది, ఒప్పుకోకపోతే ఉరి. ఒప్పుకున్నవాళ్లు ఊరికే పోవడానికి లేదు, ఇంకో నాలుగు పేర్లు చెప్పాలి.

కాంటాక్టు క్లాసుల్లో నాతో కూర్చున్నవాళ్లకు ఈ మనుషులు వింతగా కనబడ్డారు. ఇంత మొండివాళ్లు ఉంటారా అని నవ్వుకున్నారు. నాకు వాళ్లు చుట్టాల్లాగా తెలిసిపోయారు. సంఘపెద్ద అయిన మా పెదనాయనకు నల్లకోటు వేసి ఆ ఊళ్లో దించితే ఎవరూ తేడా కనిపెట్టలేరు. పెదనాయన అంటే సొంత పెదనాయన కాదు, నాయనకు వరసకు అన్న. చెడ్డవాడు కూడా కాదు. నాయన పోయినప్పుడు పెట్టె మోసినవాళ్లలో ఆయన ముందున్నాడు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం నాకు అంత కష్టమయింది.

మొదటి చిత్తుప్రతిలో నేను రాసింది ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. నవలలో ఆమె మొండితనం వల్లే అంత కష్టపడింది, ఆ మగవాడి పేరు చెప్పేసి ఉంటే సగం భారం తగ్గేది, నాటకంలోవాళ్లు కూడా ఒక్క మాట ఒప్పుకుని ప్రాణం కాపాడుకుని ఉండవలసింది అని తీర్పు చెప్పేశాను. కుర్చీలో కూర్చుని పెన్ను తిప్పేవాళ్లకు తీర్పులు తేలిగ్గా వస్తాయి.

ఆ చిత్తుప్రతి పూర్తయిన వారంలోనే మా కాలేజీ ఆడపిల్లలను ఒకరోజు శ్రీశైలం తీసుకెళ్లారు. తోడుగా నన్నూ పంపారు. పిల్లలు దర్శనానికి లోపలికి వెళ్లారు. నేను బయటే, వాళ్ల చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చున్నాను. ఘాటురోడ్డు మలుపుల్లో నాలుగుసార్లు వాంతి చేసుకుని ఉన్నాను, తల నిలవడం లేదు. నా పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. గిద్దలూరు అవతల ఏదో ఊరు. మోకాళ్ల నొప్పులతో క్యూలో నిలబడలేక, ఆమె కూడా తనవాళ్ల చెప్పులకు కాపలా. నన్ను చూసి ఏమీ అడగకుండానే సంచిలోంచి నిమ్మకాయ తీసి నలిపి చేతిలో పెట్టింది, వాసన చూడమని. తర్వాత పెరుగన్నం పెట్టింది. నా తల తన ఒడిలోకి లాక్కుని, కొంగుతో విసురుతూ గంటసేపు కూర్చుంది. నాది ఏ ఊరని అడిగింది కానీ, నేనెవరినని, ఏ కులమని అడగలేదు. మా వైపు ఆ ప్రశ్న అడగకుండా అన్నం పెట్టినవాళ్లను నేను వేళ్ల మీద చెప్పగలను.

ఆమె కొడుకూ కోడలూ కుంకుమ పొట్లంతో బయటికి వచ్చారు. ఆమె తాను పెట్టుకుని, నా గడ్డం పట్టుకుని నా నుదుట కూడా దిద్దింది. బోసినుదురుతో ఉన్నావేంది తల్లీ అంది. నేను క్రైస్తవురాలిననీ, మేం పెట్టుకోమనీ చెప్పవచ్చు. చెప్పలేదు. బస్సు కదిలాక తుడుచుకోవచ్చు. అదీ చేయలేదు. మా అమ్మ కాక నా తలను అంతసేపు ఒడిలో పెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె చెయ్యి ఆనవాలు ఇంకాసేపు ఉండనీ అనుకున్నాను. అంతకు మించి దాంట్లో దేవుడూ లేడు, దెయ్యమూ లేదు.

దోర్నాలలో టీకి బస్సు ఆపారు. హోటలు ముందు బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే మా పల్లెవాడు ఒకడు చూశాడట. నన్ను పలకరించలేదు. ఫోను తీసి ఫోటో కొట్టాడు. నేను ఇంటికి చేరేలోపే ఆ ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద ఏమీ రాయలేదు, ఏడుపు మొహాల బొమ్మలు మూడు పెట్టాడు. ఫోటోలో నేను అలసిపోయి, బాగానే ఉన్నాను. బొట్టు కూడా బాగానే ఉంది, ఇంత లావున.

తర్వాతి ఆదివారం పలక మూల నా పేరు ఉంది.

నాకు బల్ల లేకపోయినా బతకగలను. దెబ్బ అమ్మకు తగిలింది. బల్ల ఆదివారానికి రొట్టె చేసేది, ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు కడిగేది ఇరవై ఏళ్లుగా మా అమ్మ. కూలికి పోయే మనిషి. ఊళ్లో ఆమెను ఎవరూ ఏ పనికీ పెద్దదాన్ని చేయలేదు. శనివారం మధ్యాహ్నానికే పొలం నుంచి వచ్చేసి, తలస్నానం చేసి, ఆ గ్లాసులను వేడినీళ్లలో ముంచి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి, తెల్లగుడ్డ మీద బోర్లించేది. ఆ కాసేపు ఆమెను కదిలిస్తే రాణిలాగా కసిరేది. నా పేరు పలకెక్కాక పెదనాయన వచ్చి, బిడ్డ ఒప్పుకునేదాకా ఆ పని తన భార్య చూసుకుంటుందని చెప్పి, గ్లాసుల పెట్టె తీసుకెళ్లాడు. నా బొట్టుకు ఆమె చేతులు మైలపడ్డాయన్నమాట.

అమ్మ నన్ను కొట్టినంత పని చేసింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నా ఎదుట కూర్చుని మెల్లగా అడిగింది.

"తప్పయిపోయిందని ఒక్క మాట అనరాదా పాపా. నేను ఎన్నిసార్లు అనలేదు, చేయనివాటికి కూడా."

"పెట్టుకున్నానని చెప్తా. తప్పని ఎట్ల చెప్పమంటావు?"

"చెప్తే నీదేం పోతాది? గ్లాసులు మల్లా ఇంటికొస్తాయి."

లేచి వెళ్లి పుస్తకం ముందు పెట్టుకున్నాను. నాటకం చివర్లో ఒక రైతు ఉంటాడు. భార్యాబిడ్డల కోసం నోటితో ఒప్పుకుంటాడు కానీ, ఆ ఒప్పుకోలు కింద తన పేరు రాసిన కాగితం వాళ్ల చేతికి ఇవ్వలేక చించేస్తాడు. పేరు ఒక్కటే కదా అని మొదటిసారి చదివినప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు ఆ పేజీలు చదువుతుంటే నాయన చేసిన పలక మీద వాళ్లు సుద్దతో రాసిన నా పేరు కనబడుతోంది. నా చిత్తుప్రతి మొత్తం చించేశాను.

ఇక్కడ మా పల్లె సంగతి ఒకటి చెప్పాలి. మా వాళ్లు ఎవరూ బయట చెప్పుకోరు. మేం గుళ్లో ఒకటి, సర్కారు కాగితం మీద ఒకటి. కాగితం మీద మేం హిందువులుగా ఉంటేనే పిల్లలకు ఎస్సీ కులం సర్టిఫికెట్టు. మతం మారినంత మాత్రాన మమ్మల్ని ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోలేదు. మా కులం మాతోపాటే గుళ్లోకి వచ్చింది. కానీ కాగితానికి ఆ సంగతి తెలియదు. అందుకని ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఎంక్వైరీకి మనుషులు వస్తున్నారని కబురు అందగానే మా పల్లె వేషం మారిపోయేది. గోడ మీది వాక్యాల క్యాలెండరు బట్టల పెట్టెలోకి పోయేది, మార్కాపురం బట్టల కొట్టు వాళ్లు ఇచ్చిన లక్ష్మీదేవి క్యాలెండరు మేకెక్కేది. ఆడవాళ్లందరికీ బొట్లు.

నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు వచ్చిన ఎంక్వైరీ నాకు బాగా గుర్తు. అమ్మ గాజుల కొట్లో స్టిక్కర్ల అట్ట కొనుక్కొచ్చింది, ఎర్రవి. పొద్దున్నే ఇంటింటి ఆడవాళ్లూ మా గుమ్మం ముందు నిలబడ్డారు. అమ్మ ఒక్కొక్కరికీ ఒక్కో స్టిక్కరు ఊడదీసి ఇస్తోంది. అందరికంటే ముందు వచ్చి, నాకు పెద్దది ఇయ్యి అని అడిగి తీసుకుంది పెదనాయన భార్య, మా పెద్దమ్మ. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోయారు. సాయంత్రానికి అందరి నుదుళ్లూ ఖాళీ. ఆదివారం గుళ్లో ఎవరూ ఏ ఒప్పుకోలూ చెప్పలేదు. దాన్ని ఎవరూ పాపం అనలేదు, పని అన్నారు. నేనూ తప్పుపట్టను. ఆ స్టిక్కరు పుణ్యమే నా చదువు. పక్కన కూర్చోనివ్వనివాళ్లే వచ్చి మా నుదుళ్లు తనిఖీ చేస్తే, సిగ్గుపడాల్సింది మేమా?

కానీ పనికోసం పెట్టుకున్న బొట్టు లెక్కలోకి రాదట, ప్రేమకోసం ఉంచుకున్న బొట్టు పాపమట. ఆ తర్కం నాకు ఒంటబట్టలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ముందుకు పిలిచారు. పాస్టరు అయ్యగారు కొత్తగా వచ్చినాయన. ఆయన తలొంచుకుని కూర్చున్నారు. పెదనాయనే అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెప్పులు, వాంతులు, నిమ్మకాయ, ముసలామె ఒడి, అన్నీ. వెనక ఎవరో ఆడమనిషి ముక్కు చీదిన చప్పుడు వినబడింది. పెదనాయన గొంతు కూడా మెత్తబడింది. ఎవరో పెట్టింది సరే, తుడుచుకోవచ్చు కదా అన్నాడు. తుడుచుకోబుద్ధి కాలేదన్నాను. అప్పుడాయన ఇంకో ప్రశ్న అడిగాడు.

"మన సంఘంలో ఇట్ల బొట్టు పెట్టుకునేవాళ్లు ఇంకెవరన్నా నీకు తెలుసునామ్మా? తెలిస్తే చెప్పు. నీది తేలికైతాది."

పుస్తకంలో ప్రశ్న లేచి వచ్చి మా గుళ్లో నిలబడింది. ఆయన పుస్తకం చదవలేదు. చదవనక్కర్లేదు కూడా. పేర్లు చెప్పమనడం ఎక్కడైనా ఒకే రకంగా ఉంటుంది.

తలెత్తి చూశాను. కుడివైపు ఆడవాళ్ల వరసలు. ఒక్కరి కళ్లూ నా కళ్లతో కలవలేదు. పెద్దమ్మ కొంగు నుదుటిదాకా లాక్కుని కూర్చుంది. నాకు రోజూ హాజరు పిలిచే అలవాటు. ఆ వరసల్లో ఉన్న ప్రతి పేరూ, ఇంటి వరసతో సహా, గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. చెబితే పలక చాలదు, గోడ కావాలి. నోటిదాకా వచ్చింది. కోపం అంతగా ఉంది. పెద్దమ్మతోనే మొదలుపెట్టేదాన్ని.

రెండో వరస చివర మా అమ్మ కూర్చుని ఉంది. తలొంచుకోలేదు. చెప్పేటట్టున్నాను అనుకుని, వచ్చేదానికి సిద్ధపడి, నా వైపే చూస్తోంది.

"నాకు నా నుదురు సంగతే తెలుసు పెదనాయనా," అన్నాను. "దానికి తప్పయిందని చెప్పను. మిగతావాళ్ల నుదుళ్లు నేను చూడలేదు."

అది అబద్ధం. గుళ్లో నిలబడి, బైబిలు ముందు చెప్పిన అబద్ధం. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పాపం ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్ని మాత్రం ఒప్పుకోమని ఈరోజుదాకా ఎవరూ అడగలేదు.

పేరు పలక మీదే ఉండిపోయింది. ఇంటికి నడుస్తుంటే అమ్మ అడిగింది, ఎందుకు చెప్పలేదని. చెబితే నీ పేరు కూడా చెప్పాల్సి వచ్చేది, స్టిక్కర్లు తెచ్చింది నువ్వే కదా అన్నాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకా కోపంగానే ఉందనుకున్నాను.

ఆ వారంలోనే వ్యాసం పూర్తయింది. ఆ రెండు రచనలకూ తేడాలు చాలా ఉన్నాయి, అన్నీ రాశాను. నవలలో ఆమె చేసింది నిజం, నాటకంలోవాళ్ల మీద మోపింది అబద్ధం. ఆమెకు గుర్తు తగిలించి బతకనిచ్చారు, వీళ్లకు ఉరితాడు చూపించారు. ఆమె తన గుర్తును తానే అందంగా కుట్టుకుని ఊరి కళ్లలోకి చూసింది, ఆ రైతు చివరిదాకా ఊగిసలాడాడు. కానీ పోల్చమన్నారు కదా. పోలిక ఒక్కచోట దొరికింది. ఆమె పక్కవాడి పేరు చెప్పలేదు, ఆయన పక్కవాళ్ల పేర్లు చెప్పలేదు. పాపం ఎవరిదో తేల్చడం ఆ ఊళ్ల పని. పేరు పెదవి దాటకుండా ఆపుకోవడం ఆ మనుషుల పని. పరువు అంటే ఊరు ఇచ్చేది అని మొదటి చిత్తులో రాశాను. రెండోసారి అది కాదని రాశాను. దిద్దినవారు ఆ పేరా పక్కన ఆధారం ఏదని ఎర్రసిరాతో రాశారు. ఆధారం మా ఊరు. రాయడానికి అక్కడ చోటు లేదు.

మొదటి ఆదివారం వచ్చింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆరాధన మొదలు కాలేదు, జనం ఇంకా చాపల మీద సర్దుకుంటున్నారు. అమ్మ తన చోటులో కూర్చోకుండా నేరుగా పలక దగ్గరకు నడిచింది. నా పేరు తుడిచేస్తుందనుకున్నాను. అమ్మా వద్దు అని అరవబోయాను. ఆమె గుడ్డ ముట్టుకోలేదు. సుద్దముక్క తీసుకుంది.

మా అమ్మ బడి మొహం చూడలేదు. పొదుపు సంఘంలో అందరూ సంతకాలు పెడుతుంటే తాను వేలిముద్ర వేయాల్సి వచ్చిందని ఏడ్చిన రోజు, నేనే పలక ముందేసుకుని ఆమె పేరు దిద్దించాను. ఆమెకు రాయడం వచ్చింది అదొక్కటే. ఆ ఒక్కటీ, నా పేరు కింద, వంకర అక్షరాలతో, తొందరపడకుండా రాసింది.

పెదనాయన లేచి, ఏందమ్మా ఇది అన్నాడు.

"ఆ రోజు స్టిక్కర్లు తెచ్చింది నేను గదా బావా," అంది అమ్మ. "నా పేరు నేను రాసుకున్నా. ఇంకెవరి పేరూ రాయను."

వచ్చి నా పక్కన కూర్చుంది. గ్లాసుల పళ్లెం పట్టుకుని పెద్దమ్మ వరసలన్నీ తిరిగింది. వెనక వరసకు రానక్కర్లేదు, కానీ వచ్చింది. పళ్లెంలో గ్లాసులు గలగలమంటున్నాయి. మా అమ్మ ముందు ఆగింది. అమ్మ ఒక గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, మరక ఉందక్కా, ఈసారి ఇంకొంచెం వేడినీళ్లు పోయి అని, తాగకుండా తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

ఆ రెండు పేర్లూ ఇంకా అక్కడే ఉన్నాయి. మేం ఒప్పుకోలేదు, వాళ్లు తుడవలేదు. ప్రతి ఆదివారం కీర్తనల నంబర్లు తుడిచేవాళ్లు మా మూలకు వచ్చేసరికి గుడ్డ పక్కకు జరుపుకుంటారు. సుద్ద మసకబారినప్పుడల్లా అమ్మ వెళ్లి మళ్లీ దిద్దుతుంది. ముందు నాది, తర్వాత తనది. ఆమెకు రాయడం వచ్చిన రెండో పేరు నాది.